వంటింటి పొగకు బాధ్యులెవరు?

వంటింటి పొగను గొట్టం గుండా బయటికి పంపాలన్న ఆలోచన హైదరాబాద్‌కి కొత్త కాదు. 1950లలో ఇక్కడి హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు, మట్టితో ఎవరికి వాళ్లు కట్టుకోగలిగే పొగరాని పొయ్యిని రూపొందించారు. 1953లో దాని మీద ఇంగ్లిషులో ఒక పుస్తకం కూడా వేశారు. హెచ్.ఇ.ఆర్.ఎల్. పొయ్యి అన్న పేరుతో అది దేశంలో చాలాచోట్లకు వెళ్లింది. ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వం 1980లలో మొదలుపెట్టి 2002 దాకా నడిపిన మెరుగైన పొయ్యిల పథకంలోనూ పొగగొట్టమున్న నమూనాలు ఎన్నో వచ్చాయి. మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టినట్టు లెక్కలు చెప్పాయి. వాటిలో చాలా పొయ్యిలు కొన్నేళ్లకే మూలపడ్డాయి. కారణాలు చాలా ఉన్నాయి గానీ, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒకటి. పొయ్యి పెట్టిన మనిషి వెళ్లిపోయాడు. గొట్టంలో మసి పేరుకుంది. దాన్ని దులపడం ఎవరి పనో ఎవరూ తేల్చలేదు.

ఇప్పుడు కట్టెలు పోయి గ్యాస్ వచ్చింది. మట్టి గొట్టం పోయి స్టీలుతో, గాజుతో మెరిసే కరెంటు చిమ్నీ వచ్చింది. బాధ్యత సంగతి మాత్రం తేలలేదు. కొనేముందు మోడల్, రంగు, ఎంత బలంగా లాగుతుంది అన్నవి గంటలకొద్దీ చూస్తాం. బిగించేదెవరు, ఆరు నెలల తర్వాత విప్పి కడిగేదెవరు అన్న ప్రశ్న షోరూంలో ఎవరి నోటా రాదు. కొత్త ఫ్లాటులో ఈ పనిని ఐదుగురు పంచుకుంటారు: గోడకు రంధ్రం పెట్టేవాడు, ప్లగ్గు పెట్టే ఎలక్ట్రీషియన్, చెక్కపని చేసే కార్పెంటర్, చిమ్నీ తగిలించే కంపెనీ మనిషి, తర్వాత ఎప్పుడో కడగడానికి వచ్చే మెకానిక్. పొగ సరిగ్గా పోకపోతే ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. నా వాదన ఒక్కటే. మంట దగ్గర్నుంచి బయటి గాలి దాకా పొగ నడిచే దారి మొత్తానికి ఒక మనిషి జవాబు చెప్పాలి. ఆ మనిషిని వెతికి పట్టుకోవడమే అసలు పని. మోడల్ ఎంపిక ఆ తర్వాతే.

మన వంటకు ఇది చిన్న విషయం కాదు. రెండు పూటలా తాలింపు, ఎండుమిర్చి ఘాటు, పండగొస్తే గంటలకొద్దీ మూకుడులో నూనె మరగడం. ఎక్కువ వేడి మీద వేపుడు చేసేటప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన నివేదికలో ‘బహుశా క్యాన్సర్ కలిగించేవి’ అన్న తరగతిలో చేర్చింది. గ్యాస్ మంట నుంచి వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ ఆస్తమా ఉన్నవాళ్లను మరింత ఇబ్బంది పెడుతుంది. పొయ్యి ముందు ఎక్కువసేపు నిలబడేది అమ్మ, అత్తగారు, వంటమనిషి. చిమ్నీని వంటింటి అందం కోసం పెట్టే ఖర్చుగా చూస్తే పనిమంతుడి దగ్గర బేరమాడాలనిపిస్తుంది. వాళ్ల ఊపిరితిత్తుల కోసం పెట్టే ఖర్చుగా చూస్తే అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ముందు బిగింపు సంగతి. ప్రకటనల్లో గంటకు 1200, 1400 ఘనపు మీటర్ల గాలి లాగుతుందని రాస్తారు. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న వంటింట్లో ఉండే గాలి సుమారు 23 ఘనపు మీటర్లు. గంటకు పదిసార్లు ఆ గాలంతా మారాలనుకున్నా 230 సరిపోతుంది. మరి 1200 అంకె వేసిన చిమ్నీ ఉన్న ఇంట్లో కూడా పోపు వేస్తే హాల్లో దగ్గులెందుకు? ఆ అంకె చాలావరకు గొట్టం అడ్డు లేకుండా కొలిచింది. మన ఇంట్లో గొట్టం ఉంటుంది, మలుపులుంటాయి, రంధ్రం చిన్నదై ఉంటుంది. పైగా పొగ గదంతా పరుచుకోకముందే, మంట మీద నుంచి లేస్తుండగానే పట్టుకోవాలి. పొయ్యికన్నా తక్కువ వెడల్పున్న చిమ్నీ పెడితే పక్క బర్నర్ పొగ తప్పించుకుంటుంది. నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే పొగ చెదిరిపోతుంది.

గొట్టం లెక్క చిన్నదే గానీ చాలామంది పట్టించుకోరు. చాలా చిమ్నీల మూతి వ్యాసం 6 అంగుళాలు. బిల్డరు వదిలిన రంధ్రం 4 అంగుళాలే ఉంటే, రెడ్యూసర్ పెట్టి సర్దేస్తామని బిగించేవాళ్లు అంటారు. 6 నుంచి 4కు తగ్గితే దారి విస్తీర్ణం సగానికన్నా తక్కువవుతుంది, కచ్చితంగా చెప్పాలంటే 44 శాతమే మిగులుతుంది. మోటారు అరుస్తుంది, పొగ మాత్రం వెళ్లదు. ముడుచుకునే అల్యూమినియం గొట్టాన్ని పూర్తిగా సాగదీయకుండా, మిగిలినదాన్ని ఫాల్స్ సీలింగ్ పైన చుట్టి పెట్టేయడం ఇంకో అలవాటు. ఆ ముడతల్లో జిడ్డు గడ్డకడుతుంది, అక్కడికి ఎవరి చెయ్యీ అందదు. గొట్టం వీలైనంత పొట్టిగా ఉండాలి, మలుపులు ఒకటి రెండుకు మించకూడదు, బయటివైపు కొంచెం వాలు ఉండాలి. బయట చివర వాన, పిట్టలు లోపలికి రాకుండా మూత కావాలి. మనం ఆపినప్పుడు గాలి వెనక్కి తిరగకుండా ఆపే రెక్క కూడా ఉండాలి. ఇవన్నీ తెలిసినవాడు ముందు ఇల్లు చూస్తాడు, టేపు తీసి కొలుస్తాడు, కిటికీ తెరిచి బయటికి తొంగి చూస్తాడు. ఫోన్లోనే రేటు చెప్పేసి, పెట్టె తెరవగానే డ్రిల్లింగ్ మిషన్ ఆన్ చేసేవాణ్ని నేను నమ్మను.

రంధ్రం ఎక్కడ పెడుతున్నారన్నది హైదరాబాద్‌లో ఇప్పుడు ప్రాణాలకు సంబంధించిన విషయం. కొత్త ఎత్తైన భవనాలు చాలావరకు మైవాన్ పద్ధతిలో కడుతున్నారు. అక్కడ ఇటుక గోడ ఉండదు, గోడలే కాంక్రీటు, భవనం బరువును మోసేవి అవే. కోర్ కటింగ్ మిషన్‌తో ఆ గోడకు 6 అంగుళాల రంధ్రం పెడితే లోపలి ఇనుప చువ్వలు తెగుతాయి. బిల్డరు నుంచో, అసోసియేషన్ ఇంజినీరు నుంచో కాగితం మీద అనుమతి లేకుండా ఆ పని చేయించకూడదు. పాత అపార్ట్‌మెంట్లలోనూ బీముకు, పిల్లరుకు రంధ్రం పెట్టనివ్వద్దు. గోడ కుదరకపోతే కిటికీ పై అద్దం ఒకటి తీసి, దాని బదులు రంధ్రమున్న షీటు పెట్టించుకోవడం చాలా ఇళ్లలో సులువైన దారి. ఇంకొకటి, షాఫ్ట్‌లోకి గొట్టం వదలడం. కింది ఇంటి చేపల పులుసు పై ఇంటి బాత్రూంలో ఘుమఘుమలాడటం, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలవడం ఇక్కడి నుంచే. షాఫ్ట్ పైన తెరిచి ఉందా, ఇంకెవరి గొట్టాలున్నాయి అని ముందే చూడాలి.

ఎత్తు సంగతి. గ్యాస్ పొయ్యి మీద చిమ్నీ అడుగు కనీసం 65 సెంటీమీటర్ల పైన ఉండాలని అంతర్జాతీయ భద్రతా ప్రమాణం చెబుతుంది. 75 దాటితే పొగ పట్టు తప్పుతుంది. ఈ పది సెంటీమీటర్ల మధ్య ఎక్కడ అన్నది వంట చేసే మనిషిని పొయ్యి ముందు నిలబెట్టి, ఇంట్లో వాడే పెద్ద ఇడ్లీ పాత్రో బిర్యానీ హండీయో బర్నర్ మీద పెట్టి తేల్చాలి. ఇంటి యజమాని ఆఫీసులో ఉండి ఫోన్లో ‘పెట్టేయండి’ అనడం వల్ల ఎంతమంది ఆడవాళ్లు ఏళ్ల తరబడి చిమ్నీ అంచుకు తల కొట్టుకుంటున్నారో! ప్లగ్గు ఎర్త్ ఉన్నదై ఉండాలి, చిమ్నీకి పక్కన, పొయ్యి వేడి తగలని చోట ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సర్దడం వద్దు. కార్పెంటర్ చిమ్నీ చుట్టూ చెక్కతో మూసేస్తానంటే, విప్పి తీయడానికి తలుపు వదిలితేనే ఒప్పుకోండి. ఆ తలుపు లేని ఇళ్లలో కడగడం అంటే చెక్క కోయడమే.

గొట్టం పెట్టే వీలే లేని ఇళ్లూ ఉన్నాయి. వాటికి బొగ్గు ఫిల్టరుతో గాలిని ఇంట్లోకే తిప్పి వదిలే చిమ్నీలు అమ్ముతారు. బొగ్గు వాసనను కొంత పట్టుకుంటుంది. గ్యాస్ మంట నుంచి వచ్చే ఆవిరి, వేడి ఇంట్లోనే ఉంటాయి. బొగ్గును కొన్ని నెలలకోసారి మార్చాలి, చాలామంది మార్చరు. కిటికీకి మంచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించుకోవడం అంతకన్నా మేలని నా అభిప్రాయం. చిమ్నీ అయినా ఫ్యాన్ అయినా, బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి కాబట్టి ఎక్కడో ఒక కిటికీ కొంచెం తెరిచి ఉండాల్సిందే. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే ఇది మరీ ముఖ్యం. తలుపులన్నీ బిగించి చిమ్నీ పెద్ద వేగంతో నడిపితే గీజర్ పొగ వెనక్కి తిరిగి కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో నిండే ప్రమాదం ఉంది.

ఇక ఎవర్ని పిలవాలి? కంపెనీ పంపే టెక్నీషియన్‌తో బిగిస్తే వారంటీకి ఇబ్బంది రాదు, అది పెద్ద లాభం. కానీ ఆయన పని చాలాసార్లు పెట్టెను తగిలించి ఆన్ చేసి చూపించడంతో ముగుస్తుంది. రంధ్రం, గొట్టం, బయటి మూత మీవే. ‘ఫ్రీ ఇన్‌స్టలేషన్’ అన్నచోట గొట్టానికి అడుగుకు ఎంత, మూతకు ఎంత, కోర్ కటింగ్‌కు ఎంత అని కొనకముందే రాయించుకోవాలి. మాడ్యులర్ కిచెన్ కాంట్రాక్టరు మొత్తం తనే చూసుకుంటానంటాడు. ఒక్క చేతి కింద పని ఉండటం నాకు నచ్చే విషయమే, అయితే చెక్కపని డబ్బులు ముందే ఇచ్చేస్తే చిమ్నీ గురించి ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. చివరి వాయిదాను పొగ పరీక్ష అయ్యాకే ఇస్తానని మొదట్లోనే మాట్లాడుకోవాలి. యాప్‌ల దారి వేరు. 2014లో అర్బన్‌క్లాప్‌గా మొదలై 2020లో పేరు మార్చుకున్న అర్బన్ కంపెనీ లాంటివి వచ్చాక రేటు ముందే తెలుస్తోంది, వచ్చే మనిషి ఫొటో, రేటింగు కనిపిస్తున్నాయి. ఏ యాప్‌లో బుక్ చేసినా, ఆ రేటులో ఏమేం ఉన్నాయో, గొట్టం లోపల కడగడం ఉందో లేదో చదవకుండా నొక్కొద్దు.

బస్తీలోని ఎలక్ట్రికల్ షాపు మెకానిక్‌ను తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. మోటారు వైండింగ్ చేయగలిగినవాడు, కెపాసిటర్ పోతే కెపాసిటరే మార్చేవాడు, మొత్తం మోటారు మార్చాలని చెప్పనివాడు చాలాసార్లు అతనే. వారంటీ తీరిన చిమ్నీకి నేనైతే ముందు అలాంటి మనిషినే వెతుకుతాను. మీ అపార్ట్‌మెంట్లోనే రెండు మూడేళ్లుగా అతను చూస్తున్న చిమ్నీలున్న ఇళ్లను అడగండి. బిగించిన వారం తర్వాత రాసిన రేటింగుల కన్నా, రెండేళ్ల తర్వాత పక్కింటి పిన్నిగారు చెప్పే మాటకు విలువెక్కువ. చిన్న ఊళ్లవాళ్లకు ఇంకో మాట. ఏ కంపెనీ చిమ్నీ బాగుంటుందన్న దానికన్నా, ఏ కంపెనీకి మీ ఊళ్లో సర్వీసు మనిషి ఉన్నాడన్నది ముందు తెలుసుకోండి. మనిషి విజయవాడ నుంచో వరంగల్ నుంచో రావాలంటే, ‘రేపొస్తాం మేడం’ అన్నది నెల దాటుతుంది.

కడగడం దగ్గర అసలు మోసాలు మొదలవుతాయి, అసలు అపోహలు కూడా. ‘ఆటోక్లీన్ మోడల్ కదా, దీనికి సర్వీసే అక్కర్లేదు’ అని షోరూంలో చెబుతారు. ఆటోక్లీన్ అంటే లోపల ఒక హీటర్ వేడెక్కి, బ్లోయర్ మీది జిడ్డును కరిగించి నూనె గిన్నెలోకి దించడం. గొట్టం గోడలకు, పెట్టె మూలలకు, బయటి మూతకు పట్టిన జిడ్డును అది ముట్టుకోదు. ఆ గిన్నెను కూడా మనిషే తీసి పారబోయాలి. ఫిల్టర్లు ఉన్న చిమ్నీ అయితే వాటిని ఇంట్లోవాళ్లే వారం పది రోజులకోసారి వేడినీళ్లు, గిన్నెల సబ్బుతో కడుక్కోవచ్చు. ఆ పనికి మెకానిక్ అక్కర్లేదు. లోపలి భాగాలు విప్పి కడిగించడం, వేపుళ్లు ఎక్కువుండే ఇంట్లో మూడు నాలుగు నెలలకోసారి, తక్కువుండే ఇంట్లో ఆరు నెలలకోసారి చాలు. మోత పెరగడం, ఆపి ఉన్నప్పుడు కూడా కమురు వాసన రావడం, పొయ్యి మీద నూనె బొట్లు పడటం, ఇవి గడువు దాటిందని చెప్పే గుర్తులు. గొట్టంలో పేరుకున్న జిడ్డుకు నిప్పు అంటుకుంటుంది, అది మర్చిపోవద్దు.

మంచి కడుగుడు ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే తేడా తెలుస్తుంది. వచ్చినవాడు ముందు ప్లగ్గు తీస్తాడు, గ్యాస్ రెగ్యులేటర్ ఆపేస్తాడు, పొయ్యి మీద, గట్టు మీద ప్లాస్టిక్ షీటు కప్పుతాడు. బ్లోయర్‌ను బయటికి తీసి విడిగా కడుగుతాడు, మోటారుకు నీళ్లు తగలనివ్వడు. గొట్టం ఒక చివర విప్పి లోపల టార్చి వేసి చూపిస్తాడు. అరగంటలో స్ప్రే కొట్టి, బయటి స్టీలు తళతళ మెరిపించి వెళ్లిపోయేవాడు ముఖం కడిగి స్నానం చేశానన్నట్టే. ఏ మందు వాడుతున్నాడో అడగండి. చాలామంది కాస్టిక్ సోడా తెస్తారు. అది స్టీలును ఏమీ చేయదు, జిడ్డును బాగా వదిలిస్తుంది. అల్యూమినియం జాలీలను, భాగాలను మాత్రం తినేసి నల్లగా మారుస్తుంది. చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. ‘అన్నా, గ్లవుజులు, కళ్లద్దాలు తెచ్చుకున్నావా?’ అని అడగడం మర్యాద మాత్రమే కాదు, అతను పని నేర్చినవాడా కాదా అన్నది ఆ జవాబులో తెలిసిపోతుంది.

పని అయ్యాక ఫిల్టర్‌కు కాగితం అంటించి, ‘చూశారా, ఎలా పట్టుకుందో’ అని చూపిస్తారు. అక్కడ గాలి లాగుతోందని అది చెబుతుంది, పొగ బయటికి పోతోందని చెప్పదు. అగరుబత్తి వెలిగించి ముందు బర్నర్ దగ్గర పట్టుకోండి. పొగ వంకర తిరగకుండా పైకి లాగబడాలి. కిటికీలోంచి అందితే బయటి మూత దగ్గర చెయ్యి పెట్టండి, గాలి బలంగా తగలాలి. మోటారు పోయింది, షాపుకు తీసుకెళ్లాలి అంటే, సీరియల్ నంబరు ఫొటో తీసుకుని, తీసుకెళ్లినట్టు చీటీ రాయించుకుని పంపండి. ఏ భాగం మార్చినా పాతది మీ చేతికి ఇవ్వమనండి.

ఇంకో పెద్ద ప్రమాదం ఇంటికి మనిషి రాకముందే ఉంది. ఇంటర్నెట్‌లో కంపెనీ పేరు కొట్టి కస్టమర్ కేర్ నంబరు వెతికితే దొంగ నంబర్లు దొరుకుతున్నాయి. అవతలివాడు బుకింగుకు పది రూపాయలు కట్టమని లింకు పంపుతాడు, లేదా ఫోన్లో ఏదో యాప్ వేసుకోమంటాడు. ఆ తర్వాత ఖాతా ఖాళీ. చిమ్నీ పెట్టె మీదో, వారంటీ కార్డు మీదో, కంపెనీ సొంత వెబ్‌సైటులోనో ఉన్న నంబరు తప్ప మరేదీ వాడొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఏడాది కాంట్రాక్టు తీసుకునేవాళ్లు భాగాల ఖరీదు కలిపిన కాంట్రాక్టా, రాకపోకలూ కూలీ మాత్రమేనా అన్నది చూడాలి. రెండింటి మధ్య ధరలో తేడా ఉంటుంది, సంతకం పెట్టించుకునేటప్పుడు మాత్రం రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. మోటారుకు ఇచ్చే ఎక్కువేళ్ల వారంటీ కూడా టచ్ ప్యానెల్‌కు, లైట్లకు, బోర్డుకు వర్తించదు. బిల్లు లేకుండా ఇచ్చిన డబ్బుకు తర్వాత దారి లేదు. బిల్లుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు అక్కడ ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో చిక్కు ఇంకో రకం. చాలా ఇళ్లలో పొయ్యి మీద మైక్రోవేవ్ ఉంటుంది, దాని కింది ఫ్యాన్ పొగను మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. అందుకే గరాజ్‌లో పొయ్యి పెట్టుకునేవాళ్లు, కొత్త ఇల్లు కట్టించుకుంటే మసాలా వంటకు విడిగా చిన్న గది అడిగేవాళ్లు కనిపిస్తారు. అక్కడి నివాస భవనాల కోడ్‌లో నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి లాగే హుడ్ పెడితే లోపలికి గాలి వచ్చే ఏర్పాటు కూడా చూపాలన్న నియమం ఉంది. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు కాంట్రాక్టరు అడ్వాన్సుగా పని విలువలో 10 శాతం, లేదా 1000 డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదని చట్టం చెబుతుంది. అలాంటి నియమం ఇక్కడ లేదు గానీ, మనంతట మనమే పాటించడానికి అడ్డేమీ లేదు.

అపార్ట్‌మెంట్ కింద నడిచే కర్రీ పాయింట్లు, హాస్టల్ మెస్సులు వేరే లోకం. అక్కడి గొట్టాల్లో పేరుకునే జిడ్డు, మన ఇళ్లలోదాంతో పోలిస్తే ఎన్నో రెట్లు. వాణిజ్య వంటశాలల కోసం అమెరికాలో వాడే ఎన్.ఎఫ్.పి.ఎ. 96 ప్రమాణం, కట్టెలు లేదా బొగ్గు మీద వండేచోట నెలకోసారి, వంట బాగా ఎక్కువున్నచోట మూడు నెలలకోసారి గొట్టాలు తనిఖీ చేయాలంటుంది. మీ భవనం కింద అలాంటి వంటశాల ఉంటే, చివరిసారి గొట్టం ఎప్పుడు కడిగించారో అడిగే హక్కు అసోసియేషన్‌కు ఉండాలి. అద్దె ఒప్పందంలోనే ఆ మాట రాయించడం అన్నిటికన్నా మంచిది.

చివరిగా ఎత్తు మీద పనిచేసే మనుషుల గురించి. బయటి మూత సరిచేయడానికి ఐదో అంతస్తు కిటికీ అంచు మీద కాలు పెట్టి, ఒక చేత్తో గ్రిల్లు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను మన నగరాల్లో ఎక్కడైనా చూడొచ్చు. బెల్టు, తాడు లేకుండా అలా ఎక్కుతానంటే వద్దని చెప్పాలి, పని ఆగిపోయినా సరే. పైపు చివరలు డాబా మీద నుంచి తాడుతో దిగి చూసే ఏర్పాటు అసోసియేషన్ ఏడాదికోసారి అన్ని ఫ్లాట్లకూ కలిపి చేయించుకుంటే, ఖర్చు పంచుకుంటే తక్కువ పడుతుంది, బెల్టులతో వచ్చే శిక్షణ పొందిన జట్టును పిలవడమూ కుదురుతుంది. ఈ విషయం వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఎవరో ఒకరు రాయించాలి.